ధాత కరువులో జతపనివారు

శతాబ్ది సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసము ఒకటి వ్రాయుమని కమిటీవారు నన్ను అడిగినప్పుడు, మన ఆలయ నిర్మాణమును గురించియో, బిషప్పుగార్ల వరుసను గురించియో వ్రాయుదునని వారు తలచి యుందురు. ఆ సంగతులు నాకంటె బాగుగా తెలిసినవారు మన మధ్య ఉన్నారు. నేను ఒక్క చెడ్డ సంవత్సరమును గురించి వ్రాయదలచాను. అది మన అధ్యక్ష ఖండములో జరిగిన కథ కూడ కాదు. మన పొరుగున ఒంగోలు సీమలో, బాప్తిస్టు సహోదరుల మధ్య జరిగినది. అయినను మన సంఘములలో మూడు నాలుగు తరములు వెనుకకు పోతే ఆ కరువు తాకని ఇల్లు అరుదు. కాబట్టి పొరుగువారి కథ అని విడిచిపెట్టనక్కరలేదు.

2020లో ఆలయపు తలుపులు మూసియున్న నెలలలో, ఆదివారపు ఆరాధన ఫోనులో చూచుకొనుచున్న దినములలో, జాన్ క్లౌ దొరగారి జీవిత చరిత్రను రెండవసారి చదివాను. ఆయన చెప్పగా ఆయన భార్య ఎమ్మా గారు వ్రాసిన ఆ పుస్తకము, ఆయన మరణించిన తరువాత 1914లో అచ్చయినది. యౌవనములో మొదటిసారి చదివినప్పుడు నాకు అందులో ఒక్క మనిషే కనబడ్డాడు. ఈసారి ఆయన చుట్టు ఉన్నవారు కనబడ్డారు. దానికి కారణము పుస్తకము మారుట కాదు. ఆ నెలలలో మా వీధిలో జ్వరముతో తలుపు వేసికొని పడియున్న కుటుంబమునకు బియ్యము, కూరగాయలు గుమ్మములో పెట్టి వచ్చినది సంఘ పెద్దలమైన మేము కాదు, ఆలయము ఊడ్చే మనిషి. అది చూచిన కళ్ళతో చదివితే పుస్తకము వేరుగా కనబడినది.

రోమీయులకు వ్రాసిన పత్రికలో 16వ అధ్యాయమును మనము సాధారణముగా చదువక దాటిపోదుము. పేర్ల పట్టిక కదా అని. కాని ప్రిస్కిల్లను, అకులను పౌలు ‘జతపనివారు’ అని పిలిచినది అక్కడే. తెలుగు బైబిలులో ఆ మాట నాకు మిక్కిలి ఇష్టము. క్రింది పనివారు అనలేదు, సహాయకులు అనలేదు. ఒక కాడికి రెండు వైపుల పూన్చిన ఎడ్లు ఎట్లో, అట్లు. ఒంగోలు కథను కూడ ఆ మాటతో చదువవలెను.

ముందుగా కరువు సంగతి. మన పెద్దలు దానిని ధాత కరువు అనెడివారు. ధాత నామ సంవత్సరము 1876 ఉగాదితో మొదలైనది. ఆ యేడు వానలు తప్పినవి. తరువాతి ఈశ్వర సంవత్సరములో కూడ కాలము సరిగా రాలేదు. అందుచేత ధాత ఈశ్వర కరువు అని రెండు పేర్లు కలిపి చెప్పుకొనుట కూడ కలదు. మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతములు దాని వాత పడినవి. చనిపోయినవారు 50 లక్షలకు పైగా అని అంచనా. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించి గొప్ప దర్బారు జరిపినప్పుడు ఇక్కడ పల్లెలు ఖాళీ అగుచుండెను. ఓడరేవులనుండి ధాన్యము ఎగుమతియు ఆగలేదు. ధర పెరిగిన చోటికి సరుకు తానే నడిచి వచ్చునని పాలకుల సిద్ధాంతము. సరుకు వచ్చినది కూడ. కొనుటకు చేతిలో డబ్బు ఉన్నవాడు ఎవడు?

మాల మాదిగ పల్లెల సంగతి మరి కష్టము. వారికి భూమి లేదు. రైతు కళ్ళములో కొలిచి యిచ్చే మేర గింజలే ఆధారము. చెప్పులు కుట్టినందుకు, మోట తోళ్ళు బాగుచేసినందుకు సంవత్సరాంతమున వచ్చే జీతము ఆ మేరయే. రైతు కళ్ళమే చేయనప్పుడు మేర ఎక్కడిది? పశువులు చచ్చినప్పుడు కొన్నాళ్ళు తోళ్ళు విస్తారముగా దొరికియుండును, కాని కొనువాడు లేడు. పస్తు మొదలగుట ఆ గూడెములలోనే మొదలు.

సర్కారువారు కరువు పనులు పెట్టారు. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ దొర వచ్చి, ఖర్చు ఎక్కువగుచున్నదని కూలి తగ్గించెను. దినమంతయు ఎండలో పనిచేసిన మగవానికి ఒక పౌను ధాన్యము, ఒక అణా. పౌను అనగా మన అరకిలోకు తక్కువ. ఆడవారికి, పిల్లలకు అంతకంటె తక్కువ. ఆ కూలితో మనిషి బ్రతుకడని మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారి కార్నిష్ గారు గట్టిగా వాదించి వ్రాసెను. ఆయన మాట నిజమైనదని ఆ వేసవి చూపినది. తరువాత కూలి కొంత పెంచారు.

ఇక ఒంగోలు. అప్పుడది నెల్లూరు జిల్లాలోనిది. క్లౌ దొరగారు 1865లో అమెరికానుండి మద్రాసులో దిగి, 1866లో ఒంగోలు చేరిరి. పాదిరి కాకమునుపు ఆయన అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. గొలుసు పట్టుట, మట్టి లెక్క కట్టుట ఆయనకు చేతనగును. ఆ విద్య దేవుని సేవలో ఎందుకు పనికివచ్చునని అప్పుడు ఎవరు అనుకొందురు?

ఆయన రాకముందే అక్కడ ప్రార్థన జరిగియుండెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండమీద అయిదుగురు మోకరించారు. జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, మిగిలిన ముగ్గురు తెలుగువారు. ఆ ముగ్గురిలో జూలియమ్మ, రూతమ్మ అను ఇద్దరు స్త్రీలు. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ అనుచున్నారు. కొండ పేరు తెలిసినవారు అనేకులు. అక్కడ మోకరించిన అయిదుగురిలో ముగ్గురు మనవారని తలచువారు తక్కువ.

క్లౌ గారికి మొదటి జతపనివాడు ఎర్రగుంట్ల పేరయ్య గారు. ఒంగోలుకు పడమట సుమారు 40 మైళ్ళ దూరములోని మాదిగపల్లెవాడు. తోళ్ళ వర్తకము చేసెడివాడు. చదువు రాదు గాని దేవుని వెదకుటలో యోగుల వెంట తిరిగి, కన్నులు మూసికొని ధ్యానము చేయ నేర్చినవాడు. వర్తకము మీద ఏలూరు వైపు పోయినప్పుడు అక్కడి సి.ఎం.ఎస్. మిషనెరీవలన సువార్త విన్నాడు. మన అధ్యక్ష ఖండమునకు ఈ కథతో కల సంబంధము ఇదియే. ఏలూరులో పడిన విత్తనము ఒంగోలులో మొలిచినది. 1866లో పేరయ్య గారును, ఆయన భార్య నాగమ్మ గారును బాప్తిస్మము పొందిరి. తరువాత క్లౌ దొరగారు వారి పల్లెకు వెళ్ళునప్పటికి, అక్కడ సిద్ధముగా ఒక గుంపు కాచుకొని యున్నది. దొరగారు వారికి క్రొత్తగా చెప్పవలసినది కొంచెమే. చెప్పవలసినదంతయు పేరయ్య గారు రాత్రులు చెప్పియే యుండెను.

ఈ మాదిగ విశ్వాసులను చేర్చుకొనవలెనా అని ఒంగోలులో ఒక పరీక్ష వచ్చెను. చేర్చుకొంటిరా, మా పిల్లలను బడికి పంపమని పై కులములవారు చెప్పిరి. ఆ రాత్రి క్లౌ గారు ఒక గదిలో, ఆయన మొదటి భార్య హ్యారియెట్ గారు మరియొక గదిలో, ఒకరికొకరు తెలియకుండ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము చివరి వచనములే తెరచిరట. పై కులముల పిల్లలు వెళ్ళిపోయిరి. మాదిగవారు వచ్చిరి. కరువు నాటికి ఒంగోలు సంఘములో మూడు వేలమందికి పైగా ఉన్నారు. కరువు రాకమునుపే అని గుర్తుంచుకొనవలెను.

1876 చివరనుండి ఆ మూడు వేలమంది కూడ పస్తులున్నారు. మద్రాసు నుండి ఉత్తరముగా 1806లో మొదలైన ఉప్పునీటి కాలువను కృష్ణా కాలువలతో కలుపు పని అప్పుడు జరుగుచుండెను. తరువాత దానికి ఆనాటి గవర్నరు పేరుమీద బకింగ్‌హాం కాలువ అని పేరు వచ్చినది. మన క్రైస్తవులు అక్కడికి కూలికి వెళ్ళితే, మేస్త్రీలు వారిని కొట్టుట, కొలతలో మోసము చేయుట, తక్కిన కూలీలు దూరముగా తోలివేయుట జరిగినది. ఆకలితో వెళ్ళినవారు ఆకలితో తిరిగి వచ్చి దొరగారి వాకిట కూర్చుండిరి.

అప్పుడు క్లౌ దొరగారు తానే కాలువలో మూడున్నర మైళ్ళ మేర కంట్రాక్టు తీసికొన్నారు. పాదిరి కంట్రాక్టరు అగుట చూచి నవ్వినవారును ఉండియుందురు. సర్వేయరు విద్య ఇప్పుడు పనికివచ్చినది. అయితే మూడున్నర మైళ్ళ కాలువను వేలాది బలహీనులచేత త్రవ్వించుట ఒక్క మనిషివల్ల అగునా? కొలతలు ఆయన వేయగలరు. మనుష్యులను ఎవరు చూచుకొందురు?

బోధకులు చూచుకొన్నారు. ఈ భాగమును నేను పుస్తకములో మరల మరల చదివాను. ఆయన తన తెలుగు బోధకులందరిని ఓవర్సీర్లుగా పెట్టారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క జట్టు. మగవారు గడ్డపారతో, పారతో త్రవ్వుదురు. ఆడవారు తట్టలతో మట్టి మోసి గట్టుమీద పోయుదురు. ఎవరు ఎంత త్రవ్విరో లెక్క చూచి, కూలి చేతికి అందునట్లు చూచుట బోధకుని పని. ఆకలితో కాళ్ళు వాచిన మనిషిని, కూలి పోకుండ, ప్రాణము పోకుండ నడిపించుట కూడ ఆయన పనియే. కలరా వచ్చినప్పుడు పాకలలో పండబెట్టి చూచువారు, చనిపోయినవారిని పాతిపెట్టువారు కూడ వారే. ఆ బోధకులు ఎవరని తలచుచున్నారు? పదేళ్ళ క్రితము వరకు చెప్పులు కుట్టుకొన్నవారు. పెద్ద చదువులు చదివినవారు కారు. పల్లెలోని పెద్దమాదిగ ఎవరు, ఎవరి మాట ఎవరు వినును, ఎవరు అబద్ధమాడును, ఎవరు ఆకలితో ఉండియు చెప్పుకొనరు అనునవి దొరగారికి తెలియవు. వారికి తెలియును.

మధ్యాహ్నము పని ఆపి నీడన కూర్చున్నప్పుడు జట్టువారు మాట్లాడుకొనెడివారు. బోధకుడు వారి ప్రక్కన నేలమీద కూర్చుండి ఒక్క వచనమే మరల మరల చెప్పెడివాడట. మత్తయి సువార్త 11వ అధ్యాయము 28వ వచనము. దానిని మన పాఠకులకు నేను ఇక్కడ వ్రాసి చూపనక్కరలేదు. నెత్తిన తట్ట దించి కూర్చున్న మనిషికి ఆ వచనము ఎట్లు వినబడియుండునో ఆలోచించండి. మరియొకసారి చెప్పుమని అడిగెడివారని క్లౌ గారు చెప్పినారు. సువార్త ఎన్నడును వినని దూరపు పల్లెలవారు కూడ ఆ కాలువ గట్టుమీద విన్నారు. విన్నదానికంటె ఎక్కువగా చూచినారు. తమ కులమువాడే ఓవర్సీరుగా ఉండి, లంచము అడుగక, చేయి చేసికొనక, పూర్తి కూలి చేతిలో పెట్టుట వారు ఇంతకుమునుపు చూడలేదు. పది ప్రసంగములు చేయలేని పని అది చేసినదని నా అభిప్రాయము.

అయితే క్లౌ దొరగారు ఒక కఠినమైన నిర్ణయము చేశారు. కరువు సహాయము జరుగుచున్నంత కాలము ఎవరికిని బాప్తిస్మము ఇయ్యకూడదని. 1877 మార్చి మొదలు 15 నెలలు ఒక్కరికి కూడ ఇయ్యలేదు. కూటి కొరకు వచ్చినవారన్న నింద రాకూడదని ఆయన భయము. లండనులోని మాన్షన్ హౌస్ ఫండు ధర్మపు సొమ్ము పంచునప్పుడు కూడ అదే నియమము.

ఈ నిర్ణయమును మెచ్చుకొనుచు అనేకులు వ్రాసిరి. నేను దాని వెనుక మరియొకటి చూచుచున్నాను. కాదని చెప్పినది దొరగారు. ఆ కాదన్న మాటను పల్లెలకు మోసికొనిపోయినవారు బోధకులు. అడుగుచున్నవారు వారి అన్నదమ్ములు, మేనమామలు, వియ్యంకులు. పదిహేను నెలలు ప్రతి పల్లెలోను అదే ప్రశ్న: మమ్మును ఎందుకు చేర్చుకొనరు? దొరగారు బంగళాలో ఉందురు. బోధకుడు ఆ ప్రశ్న అడిగినవారి అరుగుమీదనే రాత్రి పండుకొనవలెను. ఒక ప్రక్క దొరగారి మాట, మరియొక ప్రక్క బంధువుల మొగము. అట్టి స్థితిలో ఉండి నియమమును తప్పకపోవుట సామాన్యము కాదు. ఓర్పు చూపినది దొరగారు ఒక్కరే కాదని నేను ఖండితముగా చెప్పుదును.

1878 జూనులో ధర్మపు సొమ్ము పంచుట ముగిసినది. ఇక ఇచ్చునది ఏమియు లేదని, ఎవరును సహాయము కొరకు రావద్దని ఆయన తెలియజేసిరి. ఒంగోలుకు రావద్దని చెప్పి, ఉత్తరముగా పది మైళ్ళలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద జనులను కలిసికొన్నారు. సహాయము లేదని మరల చెప్పారు. జనులు కదలలేదు. తమ అరచేతుల బొబ్బలు చూపి, మేము పనిచేసి తిన్నవారము, ఇక మీదట కూడ పనిచేసి తిందుము, రాబోవు పంట కూడ పోతే చనిపోదుము, క్రైస్తవులముగా చనిపోవుదుమని వేడుకొన్నారు. మనిషి అరచేయి చూపి సాక్ష్యము చెప్పినప్పుడు ఇంకేమి విచారణ చేయుదురు?

అయినను విచారణ జరిగినది. బోధకులు తమ తమ పల్లెలవారిని గుంపులుగా కూర్చుండబెట్టి, పేర్లు వ్రాసికొని, ఒక్కొక్కరిని గురించి పల్లె పెద్దల సాక్ష్యము విన్నారు. ఎవరు విగ్రహారాధన మానిరి, ఎవరు చచ్చిన పశువుల మాంసము తినుట మానిరి, ఎవరు ఆదివారమును ఆచరించుచున్నారు అను సంగతులు దొరగారికి తెలియవు. పల్లెకు తెలియును. ఆ జల్లెడ పట్టినది సంఘమే.

జులై 2వ తేదీన 614 మంది. 3వ తేదీన 2,222 మంది. 4వ తేదీన 700 మంది. మూడు దినములలో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన అభిషేకము పొందిన ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చారు. మధ్యాహ్నము విరామము పోగా సుమారు తొమ్మిది గంటలు పట్టినది. లెక్క వేసి చూడండి. ఇద్దరు చొప్పున తొమ్మిది గంటలు అనగా ఒక్కొక్క మనిషికి అర నిమిషము. నడుము లోతు నీటిలో నిలిచి మనుష్యులను ముంచి లేపిన ఆ చేతులు ఏడాది క్రితము కాలువ గట్టుమీద కూలి పంచిన చేతులే. ఆ సంవత్సరాంతమునకు ఒంగోలు సంఘములో సభ్యులు 12 వేలు దాటారు. ఆనాడు లోకములో అంత పెద్ద బాప్తిస్టు సంఘము లేదని చెప్పుదురు.

దీనిని పెంతెకొస్తు దినముతో పోల్చి గొప్పగా వ్రాసినవారు ఉన్నారు. అన్నము కొరకు వచ్చినవారని తక్కువగా వ్రాసినవారును ఉన్నారు. కరువు లేకపోతే ఆ మూడు దినములలో అంతమంది వచ్చెడివారా అని నన్ను అడిగితే, వచ్చెడివారు కారనియే చెప్పుదును. దానిని దాచుకొననేల? ఆకలి చెవులు తెరచియుండవచ్చును. తప్పిపోయిన కుమారుడు కూడ పందులు తినే పొట్టు చూచిన తరువాతనే తండ్రి ఇంటిని తలచుకొన్నాడు. అతడు అన్నము కొరకు వచ్చినవాడని మనము ఎన్నడును ప్రసంగములో నిందింపలేదు. ఇచ్చునది ఏమియు లేదని తెలిసిన తరువాత వచ్చిన ఈ జనులను నిందించుట మాత్రము మనకు సులభముగా ఉన్నది.

2,222 అన్న సంఖ్య సండేస్కూలు పిల్లలకు కూడ కంఠతా వచ్చును. మా చిన్నతనములో క్విజ్ పోటీలలో అది తప్పని ప్రశ్న. ఆ సంఖ్యను ఒక్కొక్కరుగా నీటినుండి లేపినవారి పేర్లు అడిగితే పెద్దలము కూడ తల గోకికొందుము. పేరయ్య గారి పేరు, ఆయనతోటి బోధకుడు బంగారపు తాతయ్య గారి పేరు మనకు మిగిలియుండుటకు కారణము, ఎమ్మా క్లౌ గారు పల్లెలలోని వృద్ధుల నోట విని, 1899లో ఆ మాదిగ విశ్వాసుల కథలను ఒక పుస్తకముగా వేయుటయే. చెప్పులు కుట్టు పనిని ఆమె ఆ పుస్తకము పేరులోనే పెట్టినారు. ఆమె అడిగి వ్రాసికొనకపోతే అవియు పోయెడివి. క్లౌ గారు 1910లో అమెరికాలో కన్నుమూసిరి. తన కథ చెప్పునప్పుడు బోధకులను విడిచిపెట్టలేదు. విడిచిపెట్టినది తరువాత చదివిన మనమే.

ఈ సంచిక కొరకు మన పాత రిజిస్టర్లు తిరగవేసినప్పుడు నాకు అదే కనబడినది. పాస్టరుగార్ల పేర్లు పూర్తిగా ఉన్నవి. కాటికిస్టుల పేర్లు కొన్నిచోట్ల ఉన్నవి. బైబిలు స్త్రీల పేర్లు చాలచోట్ల ‘ఒక బి.డబ్ల్యు.’ అని మాత్రమే ఉన్నవి. మీ ఇళ్ళలో పెద్దలు ఎవరైనను ఉంటే, ఆ స్త్రీల పేర్లు అడిగి ఆలయ ఆఫీసులో వ్రాయించండి. తరువాతి ముద్రణలో వేయుటకు కమిటీవారు ఒప్పుకొన్నారు.

కాలువ సంగతి చెప్పి ముగించెదను. పడవలు చాలకాలము నడిచినవి. మా తాతగారి కాలములో ఉప్పు, వంటచెరకు ఆ కాలువమీదనే వచ్చెడివి. తుపానులకు దెబ్బతిని, పూడిపోయి, ఇప్పుడు చాలచోట్ల గుర్రపుడెక్క పెరిగిన మురికి కాలువవలె ఉన్నది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, పెదగంజాం నుండి చెన్నై వరకు సుమారు 310 కిలోమీటర్ల పొడవున ఆ కాలువ సముద్రపు నీటిని తనలోనికి తీసికొన్నది. నిండి, కొన్నిచోట్ల పొంగి, పది పదిహేను నిమిషములలో మరల సముద్రములోనికి దిగిపోయినది. దానివలన కొందరు జాలరుల ప్రాణములు దక్కినవి. అందులో మూడున్నర మైళ్ళు పేరయ్య గారి జతపనివారు, వారి జట్టులవారు, 1877లో ఆకలితో త్రవ్వినవి.